స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ జర్నల్ నుంచి రెండుసార్లు తిరిగి వచ్చిన పేపరు: ఎక్కడ సరిదిద్దుకోవాలి?

ఓరుగల్లు_స్కాలర్

అందరికీ నమస్కారం. నేను వరంగల్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది నాలుగో సంవత్సరం. కూల్చిన భవనాల కాంక్రీటును పగలగొట్టి తీసిన రీసైకిల్డ్ కంకరను మామూలు కంకరకు బదులుగా వాడితే, స్టిరప్పులు (కడ్డీల చుట్టూ వేసే ఇనుప రింగులు) లేని బీములు షియరులో (అడ్డంగా కోసే బలానికి) ఎలా విఫలమవుతాయన్నది నా పరిశోధనాంశం. మొత్తం తొమ్మిది బీములు పోతపోశాను. మామూలు కంకరతో మూడు, సగం కంకర మార్చి మూడు, పూర్తిగా మార్చి మూడు. అన్నింటికీ వెడల్పు 150 మి.మీ., లోతు 250 మి.మీ., ప్రభావ లోతు (పైఅంచు నుంచి అడుగు కడ్డీల మధ్య వరకు) 215 మి.మీ., అడుగున రెండు 20 మి.మీ. కడ్డీలు. రెండు బిందువుల దగ్గర లోడు ఇచ్చాను. షియర్ స్పాన్ (సపోర్టు నుంచి లోడు బిందువు వరకు దూరం) 540 మి.మీ.

మొదట పంపిన జర్నల్ ఆరు రోజుల్లోనే, రివ్యూకు కూడా పంపకుండా, ఇందులో కొత్త విషయమేమిటో స్పష్టంగా లేదని తిప్పి పంపింది. రెండో జర్నల్ నాలుగు నెలలు ఉంచుకుని తిరస్కరించింది. అక్కడి ఇద్దరు రివ్యూవర్లలో ఒకరు అడిగినదల్లా ఒక్క ప్రశ్నే: సమీకరణంలో వేసిన కాంక్రీటు బలం దేనిమీద కొలిచినది? ఆ ప్రశ్నలోని ఆంతర్యం నాకు సరిగా బోధపడలేదు.

నా ప్రధాన ఫలితం ఇది: పూర్తిగా రీసైకిల్డ్ కంకరతో చేసిన బీములు సగటున 30 కిలోన్యూటన్ల షియరు దగ్గర విఫలమయ్యాయి. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ కోడైన ఏసీఐ 318-19 సమీకరణం ప్రకారం 31.4 కిలోన్యూటన్లు రావాలి. నాలుగు శాతానికి పైగా తగ్గింది కాబట్టి ఆ సమీకరణం ఇలాంటి కాంక్రీటుకు సురక్షితం కాదని ముగించాను. ఈ పేపరును ఎలా సవరించాలో, తర్వాత ఎక్కడికి పంపాలో పెద్దలు సలహా ఇవ్వగలరు.

కృష్ణా_తీరం

అమ్మా, నేను ముప్ఫై ఏళ్లు ఈ సబ్జెక్టు బోధించి రిటైరైనవాణ్ణి. జర్నల్ ఎంపిక సంగతి తర్వాత చూద్దాం. ముందు నాకొక్కటి చెప్పండి. సమీకరణంలో బలం 30 మెగాపాస్కల్ అని వేశారా? అది 150 మి.మీ. క్యూబుల మీద వచ్చిన బలమేనా?

ఓరుగల్లు_స్కాలర్

అవునండీ. మా ల్యాబులో ఎప్పుడూ క్యూబులే పోస్తాం. మూడు మిశ్రమాలకూ సగటు 30కి దగ్గరగా వచ్చేట్లు మిక్స్ డిజైన్ చేశాను.

కృష్ణా_తీరం

నేను అనుకున్నదే అయింది. మీ పేపరు తిరిగి రావడానికి అసలు కారణం అక్కడే ఉంది. మన భారతీయ కాంక్రీటు కోడు ఐఎస్ 456 క్యూబు బలం మీద నడుస్తుంది. ఏసీఐ సమీకరణాలన్నీ 150 మి.మీ. వ్యాసం, 300 మి.మీ. ఎత్తు ఉన్న సిలిండరు బలం మీద నడుస్తాయి. క్యూబు పొట్టిగా ఉండటం వల్ల పైనా కిందా ఉండే ఇనుప ప్లేట్ల ఒరిపిడి దాన్ని పక్కలకు వ్యాకోచించకుండా పట్టి ఉంచుతుంది, అందుచేత అదే కాంక్రీటు క్యూబులో ఎక్కువ బలం చూపుతుంది. మామూలు కాంక్రీటుకు సిలిండరు బలం క్యూబు బలంలో సుమారు 0.8 వంతని లెక్కగడతాం.

ఇప్పుడు మీ బీమునే తీసుకుందాం. స్టీలు వైశాల్యం 628 చదరపు మి.మీ., అంటే స్టీలు నిష్పత్తి 1.95 శాతం. స్టిరప్పులు లేని బీముకు ఏసీఐ 318-19 ఇచ్చే సమీకరణంలో 0.66ను స్టీలు నిష్పత్తి ఘనమూలంతోనూ, కాంక్రీటు బలం వర్గమూలంతోనూ, వెడల్పుతోనూ, ప్రభావ లోతుతోనూ గుణించాలి. బలం 30 అని వేస్తే మీరన్నట్లే 31.4 కిలోన్యూటన్లు వస్తుంది. 24 అని వేస్తే 28.1 వస్తుంది. మీ బీములు 30 దగ్గర విఫలమయ్యాయి. కొలిచిన విలువను లెక్కించిన విలువతో భాగిస్తే మీ పేపరులో 0.96 ఉన్నది నిజానికి 1.07 అవుతుంది. సురక్షితం కాదని మీరు తేల్చిన సమీకరణమే మీ బీముల విషయంలో సురక్షితంగా తేలుతుందన్నమాట. ఆ రివ్యూవర్ దీన్ని కనిపెట్టి, మిమ్మల్ని నొప్పించకుండా ఒక ప్రశ్న రూపంలో అడిగారు. ఆయనకు మీరు కృతజ్ఞత చెప్పుకోవాలి. ఆ తప్పుతోనే పేపరు అచ్చయి ఉంటే మీ పేరు మీద శాశ్వతంగా నిలిచిపోయేది.

ఓరుగల్లు_స్కాలర్

సార్, మీ సమాధానం చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. లెక్క మళ్లీ వేసి చూశాను, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అయితే 0.8 అనే గుణకం రీసైకిల్డ్ కంకర కాంక్రీటుకు కూడా వర్తిస్తుందా? నేను ఒక్క సిలిండరు కూడా పోయలేదు. బీములన్నీ పరీక్ష చేసి ల్యాబు వెనక పెట్టేశాం.

ల్యాబ్_మేస్త్రి

అమ్మా, నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీ కాంక్రీటు ల్యాబులో ఇరవై రెండేళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పేపర్లు రాసిన అనుభవం లేదు కానీ ఇలాంటి ఇబ్బందులు చాలా చూశాను. ఆ గుణకాన్ని ఊహించకుండా సిలిండరు బలాన్ని కొలుచుకోవడానికి మీకు రెండు దారులున్నాయి.

అదే రీసైకిల్డ్ కంకర ఇంకా మిగిలి ఉందా? ఉంటే అది మంచి దారి. ప్రతి మిశ్రమానికీ మూడు సిలిండర్లు, మూడు క్యూబులు ఒకే కలుపులోంచి, ఒకే రోజు పోయండి. మూడు సిలిండర్లకు పదహారు లీటర్లు, మూడు క్యూబులకు పది లీటర్లు, మొత్తం ఇరవై ఆరు లీటర్ల కాంక్రీటు పడుతుంది. పూర్తిగా మార్చిన మిశ్రమానికి ముప్ఫై కిలోల లోపు, సగం మార్చినదానికి అందులో సగం కంకర సరిపోతుంది. పాత కంకరకు సిమెంటు గార అంటుకుని ఉంటుంది కాబట్టి నీళ్లు బాగా పీలుస్తుంది. బీములకు వాడినప్పుడు ముందురోజు నానబెట్టి పైతడి తుడిచి వాడారా, లేక పొడి కంకరకు అదనంగా నీళ్లు కలిపారా అన్నది గుర్తు తెచ్చుకుని ఇప్పుడూ అలాగే చేయాలి. అది మారితే కాంక్రీటే మారిపోతుంది.

కంకర లేకపోతే బీముల నుంచి కోర్లు (గుండ్రంగా తొలిచి తీసే కాంక్రీటు ముక్కలు) తీయాలి. మీ బీము వెడల్పు 150 మి.మీ. ఉండటం కలిసివచ్చింది. 75 మి.మీ. వ్యాసం బిట్టుతో అడ్డంగా, ఈ ముఖం నుంచి ఆ ముఖానికి తొలిస్తే పొడవు వ్యాసానికి రెట్టింపు వస్తుంది. చివరలు కోసి నునుపు చేశాక కాస్త తగ్గుతుంది, దానికి సవరణ గుణకం వేసుకోవాలి. 20 మి.మీ. కంకరకు 75 మి.మీ. కోరు సరిపోతుంది, ఎందుకంటే వ్యాసం కంకర పరిమాణానికి మూడు రెట్లకు తక్కువ కాకూడదన్నదే నియమం. సపోర్టుకు బయట మిగిలిన చివర భాగంలో, పగుళ్లు లేనిచోట, లోతుకు మధ్యలో తీయండి. కింది కడ్డీలకు బిట్టు తగలకూడదు.

కృష్ణా_తీరం

మేస్త్రిగారు చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. కోరు బలాన్ని నేరుగా సిలిండరు బలమని రాసేయకూడదు. తొలిచేటప్పుడు కోరు కొంత దెబ్బతింటుంది, తేమ స్థితి కూడా వేరుగా ఉంటుంది. కొత్తగా పోసిన సిలిండర్లను ప్రధాన ఆధారంగానూ, కోర్లను సరిచూసుకోవడానికీ వాడండి. రెండూ చేశానని పేపరులో ఉన్నదున్నట్లు రాయండి. పరీక్ష తర్వాత బలాన్ని మళ్లీ నిర్ధారించుకున్నానని రాయడం చిన్నతనమేమీ కాదు.

ప్రవాసి_బీమ్

నేను విదేశంలో బ్రిడ్జి డిజైన్ చేస్తూ, రెండు మూడు జర్నళ్లకు రివ్యూలు రాస్తుంటాను. రివ్యూవర్ ఒక పేపరును ఏ వరుసలో చదువుతాడో చెబితే ఉపయోగపడుతుందేమోనని రాస్తున్నాను. చాలామంది స్కాలర్లు ఇంట్రడక్షన్ మీద నెలలు వెచ్చించి, మెటీరియల్స్ విభాగాన్ని ఒక్క రాత్రిలో ముగిస్తారు. నేను మాత్రం అబ్‌స్ట్రాక్ట్ చదవగానే నేరుగా మెటీరియల్స్ విభాగానికి, పరీక్ష ఏర్పాటు బొమ్మకు వెళతాను. ఈ రెండూ చదివి, రచయితను ఒక్క మాటైనా అడగకుండా నేను అదే బీమును మళ్లీ పోయగలనా? పోయలేనంటే ఆ తర్వాతి పేజీల్లోని గ్రాఫులు ఎంత అందంగా ఉన్నా వాటిని నమ్మడానికి నాకు ఆధారం ఉండదు.

నాకు కావలసినవి పెద్ద విషయాలేమీ కావు. ఘనపు మీటరుకు సిమెంటు, నీళ్లు, ఇసుక, కంకర ఎంతెంత. కంకర ఎంత నీరు పీలుస్తుంది. కడ్డీలను లాగి చూసినప్పుడు వచ్చిన ఈల్డ్ బలం (కడ్డీ శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలం) ఎంత. ఇక్కడ చాలామంది ఎఫ్‌ఈ 500 అని రాసి వదిలేస్తారు. అది గ్రేడు పేరు మాత్రమే, కొలిచిన విలువ కాదు. బీము పరీక్షించిన రోజుకు కాంక్రీటు వయసెంత? క్యూబులు 28వ రోజు పగలగొట్టి, బీములు 60వ రోజు పరీక్షించి, 28 రోజుల బలంతో లెక్క కట్టిన పేపర్లు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. లోడు ఏ వేగంతో పెంచారు, డిఫ్లెక్షన్ (బీము కిందికి వంగిన దూరం) కొలిచే ఎల్‌వీడీటీ పరికరాన్ని ఎక్కడ పెట్టారు, సపోర్టు దగ్గర ప్లేటు వెడల్పెంత అన్నవి కూడా కావాలి. ఒకసారి ఒక పేపరులో సపోర్టు ప్లేటు ఫొటోలో కనిపించింది కానీ బొమ్మలో లేదు. షియర్ స్పాన్‌ను ప్లేటు మధ్య నుంచి కొలిచారో అంచు నుంచి కొలిచారో తెలియక, ఆ ఒక్కదానికే పేపరును సవరణకు పంపవలసి వచ్చింది.

ఇక మొదటి జర్నల్ ఆరు రోజుల్లో తిప్పి పంపడం గురించి. రీసైకిల్డ్ కంకర బీముల షియరు మీద ఇప్పటికే ఎన్నో పరీక్షలున్నాయి. ఈ అంశం మీద పరిశోధనలు తక్కువగా జరిగాయన్న వాక్యం మీ ఇంట్రడక్షన్‌లో ఉంటే ముందు దాన్ని తీసేయండి, ఎడిటర్‌కు అది నిజం కాదని తెలుసు. మీ కంకర ఎక్కడిది, మూల కాంక్రీటు వయసెంత, మిగతావారి బీములకూ మీ బీములకూ తేడా ఎక్కడ ఉందన్నది రెండు పేరాల్లో చెప్పగలిగితే అదే మీ కొత్తదనం. ఏసీఐ స్ట్రక్చరల్ జర్నల్ దీనికోసమే రిసెర్చ్ సిగ్నిఫికెన్స్ అనే విభాగాన్ని విడిగా రాయమంటుంది. మీరు ఎక్కడికి పంపినా సరే, ముందు ఆ ఒక్క పేరా రాసి చూసుకోండి. అది కుదరకపోతే పేపరు ఇంకా సిద్ధం కానట్లే.

శంకుస్థాపన

నేను హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ కన్సల్టెంటును. వృత్తిలో ఉన్నవాడిగా ఒక మాట చెప్పాలనిపించింది. కంకర, ఇసుకల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 383 2016 సవరణ ప్రకారం ఆర్‌సీసీలో (కడ్డీలు వేసిన కాంక్రీటులో) రీసైకిల్డ్ కంకర 20 శాతం మించకూడదు, అదీ ఎం25 గ్రేడు (25 మెగాపాస్కల్ క్యూబు బలం) వరకే. మీరు 50, 100 శాతం మార్చి పరీక్షించారు. పరిశోధనగా అందులో తప్పు లేదు. కానీ ఈ పరిమితిని ప్రస్తావించి, దాన్ని దాటి ఎందుకు పరీక్షించారో చెప్పకపోతే, భారతదేశం నుంచి వచ్చిన పేపరులో భారతీయ కోడు ఊసే లేదేమిటన్న సందేహం చదివేవారికి వస్తుంది. ఫలితాలను ఐఎస్ 456 పట్టిక 19లోని కాంక్రీటు షియరు బలం విలువలతో కూడా పోల్చండి. అక్కడ మాత్రం మీ క్యూబు బలమే వేయాలి. రెండు కోడ్లకు రెండు రకాల బలాలు వేశానని పట్టిక కిందే రాస్తే చదివేవారికి తికమక ఉండదు.

జర్నల్ గురించి కూడా చెబుతాను. జర్నల్ ఆఫ్ స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ అనే పేరుతో రెండున్నాయి. ఒకటి అమెరికన్ సొసైటీ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్‌ది. అది 1956లో స్ట్రక్చరల్ డివిజన్ జర్నల్‌గా మొదలై 1983లో ఈ పేరు తీసుకుంది. రెండోది చెన్నై తరమణిలోని సీఎస్‌ఐఆర్ ఎస్‌ఈఆర్‌సీ పరిశోధనా సంస్థ వెలువరించేది. రెండూ మంచివే, కానీ వేరువేరు. రిఫరెన్సు జాబితాలో ఒకదాని పేరుకు మరొకదాని సంపుటి సంఖ్య వేసినవాళ్లను చూశాను, కనుక ప్రతి జర్నల్‌కూ విడిగా ఉండే ఐఎస్‌ఎస్‌ఎన్ గుర్తింపు సంఖ్యతో సరిచూసుకోండి. మన కోడుకు, మన నిర్మాణ రంగానికి దగ్గరగా ఉండే పనికి 1927 నుంచి వస్తున్న ఇండియన్ కాంక్రీట్ జర్నల్ కూడా ఉంది. దాన్ని చిన్నచూపు చూడవద్దు. మన దగ్గర డిజైన్ చేసే ఇంజనీర్లు దాన్ని చదువుతారు.

కాకినాడ_ఎఫ్‌ఈఎం

అక్కా, నేను కూడా స్కాలర్‌నే. పరీక్షలతోపాటు అబాకస్ సాఫ్ట్‌వేర్‌లో కంప్యూటర్ మోడల్ కూడా పెడితే పేపరుకు బలం వస్తుందని మా గ్రూపులో అంటారు. మీరూ అది చేర్చవచ్చు కదా?

ప్రవాసి_బీమ్

తమ్ముడూ, మోడల్ పరీక్ష చెప్పలేనిదేదైనా చెప్పగలిగితేనే చేర్చాలి. అబాకస్‌లో కాంక్రీటుకు వాడే కాంక్రీట్ డ్యామేజ్డ్ ప్లాస్టిసిటీ నమూనాలో డైలేషన్ కోణం, విస్కాసిటీ పరామితి అనే రెండు విలువలను అటూ ఇటూ మార్చి ఏ గ్రాఫునైనా పరీక్ష గ్రాఫు మీద కూర్చోబెట్టవచ్చు. ఈ సంగతి రివ్యూవర్లందరికీ తెలుసు. అందుకే విస్కాసిటీ ఎంత వేశారు, మెష్ (మోడల్‌ను విడగొట్టే గడుల పరిమాణం) సగానికి తగ్గిస్తే ఏమైంది అని తప్పక అడుగుతారు. స్టిరప్పులు లేని బీము షియరు వైఫల్యం ఒక్క వాలు పగులు మీద ఆధారపడి ఉంటుంది, కనుక మెష్ ప్రభావం ఇక్కడ మరీ ఎక్కువ. ఈ పేపరుకు మోడల్ అవసరం లేదని నా అభిప్రాయం. ఆ నాలుగు పేజీల చోటులో తొమ్మిది బీముల పగుళ్ల పటాలనూ ఒకే స్కేలులో వేస్తే ఎక్కువ మేలు.

ఓరుగల్లు_స్కాలర్

అందరికీ కృతజ్ఞతలు. కంకర రెండు బస్తాలు మిగిలి ఉంది, వచ్చేవారం సిలిండర్లు పోస్తున్నాను. ఈలోగా ఇంకొక సందేహం. ఈ బీముల్లో మూడింటి ఫలితాలు నిరుడు ఒక సదస్సులో చదివాను, అది ప్రొసీడింగ్స్‌లో అచ్చయింది. సిమిలారిటీ (ముందే అచ్చయిన రచనలతో కలిసే భాగం) పది శాతం లోపు ఉంటే చాలని కాలేజీలో అంటున్నారు. వాక్యాలు మార్చి రాస్తే సరిపోతుందా?

కృష్ణా_తీరం

సరిపోదమ్మా. పది శాతం వరకు శిక్ష ఉండదన్నది యూజీసీ 2018 నిబంధనల మాట. అది విశ్వవిద్యాలయాలకు సంబంధించినది. జర్నల్ ఎడిటర్ ఆ అంకెకు కట్టుబడడు, ఏ భాగం దేనితో కలుస్తోందో తెరచి చూస్తాడు. పరీక్ష ఏర్పాటు వర్ణన కొంత కలిస్తే అర్థం చేసుకుంటాడు. వాక్యాలు మార్చినా అవే మూడు బీములు, అవే గ్రాఫులు కొత్తవన్నట్లు కనిపిస్తే అర్థం చేసుకోడు. ఈ మూడు బీములు ఫలానా సదస్సులో వచ్చాయని, మిగతా ఆరు కొత్తవని, బలం నిర్ధారణ మళ్లీ చేశానని కవర్ లెటరులోనూ పేపరులోనూ రాయండి. సదస్సు పేపరులోనూ ఈ క్యూబు పొరపాటే ఉండి ఉంటుంది. దాన్ని ఇక్కడ సరిదిద్దుతున్నానని ఒక వాక్యం రాయడం మీ బాధ్యత.

శంకుస్థాపన

ఇంకొక జాగ్రత్త. ఈ మధ్యలో ఎవరైనా ఈమెయిలు పంపి, వారంలో అచ్చువేస్తాం, ఫీజు కట్టండి అంటే ఆశపడవద్దు. వారంలో ఇద్దరు మనుషులు ఇలాంటి పేపరు చదివి, లెక్క వేసి చూసి, అభిప్రాయం రాయడం జరిగే పని కాదు. ఆ రెండో జర్నల్ రివ్యూవర్ నాలుగు నెలల్లో మీకు చేసిన మేలు వాళ్లు చేయలేరు.

ఓరుగల్లు_స్కాలర్

ఐదు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. సిలిండర్లు, క్యూబులు, రెండు కోర్లు పూర్తయ్యాయి. కంకరను మునుపటిలాగే ముందురోజు నానబెట్టి వాడాను. మూడు మిశ్రమాలకూ విడివిడిగా కొలిచిన సిలిండరు బలాలతో పట్టిక మళ్లీ కట్టాను. తొమ్మిది బీముల్లో ఏ ఒక్కదానికీ నిష్పత్తి ఒకటికి తగ్గలేదు. పేపరు శీర్షిక మార్చాను, ఇంట్రడక్షన్ సగానికి తగ్గించాను. పాత రివ్యూవర్ ప్రశ్నకు సమాధానంగా ఒక ఉపవిభాగం రాశాను. అబ్‌స్ట్రాక్ట్ చివరి వాక్యం ఇలా ఉంది: రీసైకిల్డ్ కంకర బీములకు ఏసీఐ 318-19 షియర్ సమీకరణం సురక్షితమని ఈ పరిశోధన నిరూపించింది. సరిగా ఉందా సార్?

కృష్ణా_తీరం

పని బాగా చేశారు. ఆ వాక్యం మాత్రం మార్చాలి. మునుపు సురక్షితం కాదన్న తీర్పు ఎంత తొందరపాటో, తొమ్మిది బీములతో సురక్షితమని నిరూపించానన్నదీ అంతే తొందరపాటు. మీ బీములన్నింటికీ లోతు ఒకటే. ఏసీఐ 318-19లో లోతు పెరిగేకొద్దీ బలాన్ని తగ్గించే గుణకం ఒకటుంది. 215 మి.మీ. లోతుకు అది ఒకటి దాటుతుంది కాబట్టి ఒకటిగానే తీసుకుంటాం. అదే 600 మి.మీ. లోతుకు 0.77కు పడిపోతుంది. అంత లోతు బీములో రీసైకిల్డ్ కంకర ఎలా ప్రవర్తిస్తుందన్న దాని మీద మీ పరీక్షలకు చెప్పే అధికారం లేదు. ఇలా రాయండి: ప్రభావ లోతు 215 మి.మీ., షియర్ స్పాన్ దానికి రెండున్నర రెట్లు ఉన్న ఈ తొమ్మిది బీముల్లో కొలిచిన షియరు బలం, సిలిండరు బలం ఆధారంగా ఏసీఐ 318-19 సమీకరణంతో లెక్కించిన విలువకు తగ్గలేదు.

ప్రవాసి_బీమ్

నేనూ అదే అంటాను. ఆ వాక్యం పక్కనే, క్యూబు బలం వేస్తే నిష్పత్తి 0.96కు పడిపోతుందన్న పోలికను కూడా చిన్న పట్టికగా పేపరులో ఉంచండి. క్యూబు బలం వాడే దేశాల నుంచి ఏసీఐ సమీకరణంతో పోల్చే ప్రతి స్కాలరుకూ ఆ పట్టిక పనికివస్తుంది.

ఓరుగల్లు_స్కాలర్

వాక్యం మార్చాను, పట్టిక చేర్చాను. సిలిండర్లు పోయడంలో సాయం చేసిన మా ల్యాబు అసిస్టెంటు పేరు, ఆయన అనుమతితో, కృతజ్ఞతల్లో రాశాను. బొమ్మల రిజల్యూషన్ ఒకసారి సరిచూసుకుని ఈ సాయంత్రం పంపుతున్నాను.